మర్డోక్ ఇంట్లో ఎనిమిది ఓట్లు

2024 జూన్‌లో మీడియా అధిపతి రూపర్ట్ మర్డోక్ లాస్ ఏంజెలెస్‌లోని తన ద్రాక్షతోటలో పెళ్లి చేసుకున్నారు. పెళ్లికొడుకు వయసు 93. పెళ్లి ఐదోది. మన దగ్గరికి వార్త అంతవరకే వచ్చింది. జనం కూడా అంతవరకే చదివి నవ్వుకున్నారు. విజయనగరం గంటస్తంభం దగ్గర టీ తాగుతూ పేపరు తిరగేసే మనిషికి, ఎక్కడో ఆస్ట్రేలియాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ముసలాయన పెళ్లితో అంతకు మించి పనేముంటుంది?

నిజానికి ఆ ఐదో పెళ్లి వల్ల మర్డోక్ కంపెనీల్లో పూచికపుల్ల కూడా కదల్లేదు. కదిలించింది రెండో పెళ్లి తెగినప్పుడు రాసుకున్న కాగితం. అమెరికాలో ఫాక్స్ న్యూస్, వాల్‌స్ట్రీట్ జర్నల్, బ్రిటన్‌లో టైమ్స్, సన్, ఆస్ట్రేలియాలో పెద్ద పత్రికలెన్నో రేపు ఎవరి మాట వినాలన్నది పాతికేళ్లపాటు ఆ కాగితం మీదే ఆధారపడింది. ఎన్నికల ఫలితాల మీద జనం నమ్మకాన్ని ఇటునుంచి అటు తిప్పగల ఛానళ్ల భవిష్యత్తును ఒక విడాకుల షరతు శాసించిందంటే, ఆ ఇంటి సంగతులను ఊసుపోక చెప్పుకునే కబుర్లుగా తీసిపారేయడం కుదరదు.

అంత దూరం పోనక్కర్లేదు కూడా. 2015లో మా టీవీని కొన్న స్టార్ ఇండియా అప్పట్లో మర్డోక్ కంపెనీదే. 2019 మార్చిలో డిస్నీ చేతికి వెళ్లేదాకా పార్వతీపురంలోనో పలాసలోనో సాయంత్రం పూట సీరియల్ పెట్టుకున్న ప్రతి ఇల్లూ ఆ కుటుంబం సంపదకు తన వంతు ఎంతో కొంత చెల్లించినట్టే. 2024 నవంబరు నుంచి అదే స్టార్ మా రిలయన్స్ పెత్తనంలోని జియోస్టార్‌లో ఉంది. సీరియల్ అత్తాకోడళ్లు అలాగే ఉన్నారు, యజమానులే మారారు.

నడిపిన తండ్రి, కొన్న కొడుకు

మర్డోక్ వ్యక్తిగత జీవితం అనగానే అందరూ భార్యల లెక్క మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది తండ్రి దగ్గర.

కీత్ మర్డోక్ ఆస్ట్రేలియాలో పేరున్న జర్నలిస్టు. మెల్‌బోర్న్‌లోని హెరాల్డ్ అండ్ వీక్లీ టైమ్స్ సంస్థను దేశంలోకెల్లా పెద్ద పత్రికా సంస్థగా నిలబెట్టారు. ప్రధానమంత్రులు ఆయన మాటకు విలువిచ్చేవారు. కానీ అందులో ఆయన పెద్ద ఉద్యోగి, అంతే. సొంతదారు కాదు. 1952 అక్టోబరులో ఆయన చనిపోయేటప్పటికి రూపర్ట్‌కు 21 ఏళ్లు, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతున్నాడు. తండ్రి తన పేరున కూడబెట్టుకున్న వాటాల్లో బ్రిస్బేన్‌లోని కొరియర్ మెయిల్ ముఖ్యమైంది. అప్పులూ, వారసత్వ పన్నులూ కట్టడానికి తల్లి ఎలిజబెత్ దాన్ని అమ్మేశారు. అమ్మొద్దని కొడుకు పట్టుబట్టినా ఆమె వినలేదు. కొన్నది ఎవరో కాదు, తండ్రి జీవితమంతా ధారపోసిన ఆ హెరాల్డ్ సంస్థే. కొడుక్కి చివరికి మిగిలింది అడిలైడ్‌లోని న్యూస్ అనే సాయంత్రపు పత్రిక.

ఇరవయ్యొకటో ఏట తగిలిన ఆ దెబ్బ ఆ తర్వాత ఆయన చేసిన ప్రతి వ్యాపారంలోనూ కనిపిస్తుంది. 1987లో, అంటే తండ్రి పోయిన 35 ఏళ్లకు, ఆయన అదే హెరాల్డ్ అండ్ వీక్లీ టైమ్స్‌ను కొన్నారు. అప్పటికి తల్లి బతికే ఉంది. ఆ తర్వాత మరో పాతికేళ్లు బతికి 103వ ఏట, 2012లో కన్నుమూసింది. నడిపినవాడికి పేరు దక్కుతుంది, వాటా ఉన్నవాడికే పత్రిక దక్కుతుందని తండ్రి బతుకు నేర్పిన పాఠం. అందుకే ఆయన కంపెనీల్లో షేర్లు రెండు రకాలుగా ఉంటాయి. డివిడెండు తప్ప ఓటు హక్కు లేని షేర్లు ఒక రకం, ఓటు ఉన్నవి ఇంకో రకం. కుటుంబం చేతిలో ఓట్లున్న షేర్లు 40 శాతం దాకా ఉండేవి. మిగతావి వేలమంది చేతుల్లో చెదిరి ఉంటాయి కాబట్టి 40 శాతం అంటే దాదాపు పూర్తి పెత్తనమే. కంపెనీ మొత్తం విలువలో కుటుంబం వాటా చూస్తే అంతకంటే చాలా తక్కువ.

ఇలా కట్టుకున్న కోటకు ఒకే ఒక బలహీనత ఉంటుంది. ఆ ఓట్లు ఇంట్లోనే ఉన్నంతకాలం బయటివాళ్లు ఏమీ చేయలేరు. ఇంట్లోవాళ్లే విడిపోతే?

అన్నా పెట్టిన షరతు

మొదటి పెళ్లి 1956లో పట్రీషియా బుకర్‌తో. 1958లో ప్రుడెన్స్ పుట్టింది. 1967లో విడాకులు. అదే ఏడాది తన పత్రికలోనే పనిచేసే అన్నా అనే ఆమెను చేసుకున్నారు. ఎలిజబెత్, లాక్లన్, జేమ్స్ ఈమె పిల్లలు. ముప్పై ఏళ్లు దాటిన ఈ కాపురం కాలంలోనే అడిలైడ్ పత్రిక ప్రపంచ సామ్రాజ్యమైంది.

ఈ కాపురంలో ఒక భయంకరమైన సంఘటన ఉంది. తెలుగులో దాన్ని పెద్దగా ఎవరూ చెప్పుకోలేదు. 1969లో మర్డోక్ లండన్‌లో న్యూస్ ఆఫ్ ది వరల్డ్, సన్ పత్రికలు కొన్నారు. ఆ ఏడాది చివర భార్యాభర్తలు ఆస్ట్రేలియా వెళుతూ తమ రోల్స్‌రాయిస్ కారును కంపెనీలో మర్డోక్ తర్వాతి పెద్ద అయిన అలిక్ మెకేకు వదిలివెళ్లారు. మర్డోక్ భార్యను ఎత్తుకెళ్లి డబ్బు గుంజాలని పథకం వేసిన ఇద్దరు అన్నదమ్ములు ఆ కారు వెంటపడ్డారు. డిసెంబరు 29న కారు ఆగిన ఇంట్లోంచి ఎత్తుకెళ్లింది మాత్రం మెకే భార్య మ్యూరియల్‌ను. హంతకులకు శిక్ష పడింది కానీ ఆమె శవం ఇప్పటికీ దొరకలేదు. తన బదులు ఇంకొకామె చనిపోయిందన్న ఎరుకతో ఒక మనిషి ఎలా బతుకుతుందో ఊహించడం కష్టం. అన్నాకు లండన్ మీద మనసు విరిగింది. డెబ్బైల మొదట్లోనే కుటుంబం న్యూయార్క్ చేరింది. అమెరికాలో టీవీ స్టేషన్లు కొనాలంటే ఆ దేశ పౌరుడై ఉండాలన్న నిబంధన కోసం 1985లో మర్డోక్ ఆస్ట్రేలియా పౌరసత్వమే వదులుకున్నారు. తర్వాత ఫాక్స్ నెట్‌వర్క్ వచ్చింది, 1996లో ఫాక్స్ న్యూస్ వచ్చింది. ఇదంతా ఆ ఒక్క ఘటన వల్లే జరిగిందంటే అతిశయోక్తి అవుతుంది. అమెరికా మార్కెట్ మీద ఆయన కన్ను ముందునుంచీ ఉన్నదే. కానీ ఇల్లు మారిన కారణాల్లో అదొకటి.

1997 ప్రాంతంలో హాంకాంగ్‌లోని స్టార్ టీవీలో పనిచేస్తున్న వెండి డెంగ్‌తో మర్డోక్‌కు పరిచయమైంది. అన్నాను కంపెనీ బోర్డు నుంచి కూడా తప్పించారు. 1999 జూన్‌లో విడాకులు వచ్చాయి. సరిగ్గా 17 రోజులకు న్యూయార్క్ రేవులో, తన పడవ మీద, మర్డోక్ వెండి మెడలో మూడో పెళ్లి దండ వేశారు. అప్పుడు పత్రికలన్నీ ఆ 17 రోజుల గురించే రాశాయి. అన్నా చేసిన పని చాలామందికి ఆనలేదు.

కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఆమెకు ఆస్తిలో సగం అడిగే హక్కు ఉండేది. అలా అడిగితే ఓట్లున్న షేర్లు అమ్ముకోవాల్సి వచ్చి కంపెనీ ముక్కలయ్యేది. ఆమె తనకు రాగల దానిలో చాలా భాగం వదులుకుని దాని బదులు ఒక షరతు పెట్టిందని ఆ తర్వాత ఎన్నోసార్లు వార్తల్లో వచ్చింది. షేర్లు ఒక కుటుంబ ట్రస్టులో ఉండాలి. ట్రస్టులో మొత్తం ఎనిమిది ఓట్లు. నాలుగు రూపర్ట్‌వి. ప్రుడెన్స్, ఎలిజబెత్, లాక్లన్, జేమ్స్‌లకు తలా ఒకటి. ఆయన పోయాక ఆ నాలుగు ఓట్లు ఎవరికీ రాసివ్వడానికి లేదు. పిల్లలు నలుగురూ సమానం. కొత్త భార్యకు గానీ, ఆమెకు పుట్టబోయే పిల్లలకు గానీ ఇందులో మాట చెల్లదు.

ఈ ట్రస్టు తిరిగి మార్చుకోవడానికి వీల్లేనిది. మన రిజిస్ట్రార్ ఆఫీసు భాషలో చెప్పాలంటే వీలునామా లాంటిది కాదు, సెటిల్‌మెంట్ దస్తావేజు లాంటిది. వీలునామా ఎన్నిసార్లయినా తిరగరాయవచ్చు, ఆఖరున రాసిందే చెల్లుతుంది. పిల్లల్ని చెప్పుచేతల్లో పెట్టుకోవడానికి ముసలివాళ్లకు అంతకంటే మంచి ఆయుధం లేదు. సెటిల్‌మెంట్ రాసి రిజిస్టర్ చేశాక మాత్రం పట్టు జారినట్టే. ఇంత సంపద, ఇంత పలుకుబడి ఉన్న మనిషి తన చేతులు తానే కట్టేసుకోవడానికి ఒప్పుకున్నాడంటే, ఆ రోజు ఆ విడాకులు ఆయనకు ఎంత అత్యవసరమో అర్థం చేసుకోవచ్చు.

వెండికి 2001లో గ్రేస్, 2003లో క్లోయి పుట్టారు. వీళ్లకూ ఓటు ఇవ్వాలని తండ్రి ప్రయత్నిస్తే పెద్ద పిల్లలు ఒప్పుకోలేదు. 2005లో లాక్లన్ ఉద్యోగం వదిలేసి సిడ్నీ వెళ్లిపోవడానికి ఆఫీసులో పెత్తనం తగాదాలతో పాటు ఇంట్లో ఈ రగడ కూడా ఉంది. చివరికి 2006లో రాజీ కుదిరింది. చిన్నపిల్లలిద్దరికీ డబ్బులో సమాన వాటా, ఓటు మాత్రం లేదు. అన్నా షరతు మొదటి పరీక్షలో నెగ్గింది.

2011లో న్యూస్ ఆఫ్ ది వరల్డ్ మనుషులు హత్యకు గురైన పదమూడేళ్ల బాలిక మిల్లీ డౌలర్ ఫోన్ సందేశాలు దొంగచాటుగా విన్నారని బయటపడ్డాక, 168 ఏళ్ల ఆ పత్రికను మర్డోక్ మూసేశారు. జూలై 19న బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కొడుకు జేమ్స్ పక్కన కూర్చుని, జీవితంలో ఇంతగా తల వంచుకున్న రోజు ఇంకోటి లేదన్నారు. ఒకడు షేవింగ్ నురగతో నింపిన ప్లేటు ఆయన ముఖాన కొట్టబోతే వెనక కూర్చున్న వెండి లేచి చాచి వాణ్ణి కొట్టింది. ఆ వీడియో లోకమంతా చూసింది. రెండేళ్లకు ఆమెతోనూ విడాకులే. నాలుగో భార్య జెర్రీ హాల్‌తో 2016 నుంచి 2022 దాకా. 2023లో ఇంకొకామెతో నిశ్చితార్థం చేసుకుని రెండు వారాలకే రద్దు చేసుకున్నారు. ఇవన్నీ వినడానికి రంజుగా ఉన్నా ఎనిమిది ఓట్ల లెక్క వీటివల్ల ఇసుమంత కూడా మారలేదు.

కోట బురుజు మీద కూర్చునేదెవరు

ఇలాంటి వ్యవహారం విజయనగరం వాళ్లకు ఒకరు విడమరచి చెప్పాల్సిన పనిలేదు. పూసపాటి గజపతుల ఇంటి మాన్సాస్ ట్రస్టు గొడవ అంతా కళ్లముందే నడిచింది.

1958లో పీవీజీ రాజు తన తండ్రి అలక్ నారాయణ గజపతి పేరున మాన్సాస్ పెట్టారు. కోటను, వేల ఎకరాల భూమిని విద్యాసంస్థల కోసం దానికి రాసిచ్చారు. ట్రస్టు భూములు 14 వేల ఎకరాలకు పైమాటే. ఛైర్మన్ గిరీ వంశంలో పెద్దవాడైన మగవారసుడికి అన్నది మూలపత్రం. పీవీజీ రాజు తర్వాత పెద్దకొడుకు ఆనంద గజపతిరాజు, 2016 మార్చిలో ఆయన పోయాక తమ్ముడు అశోక్ గజపతిరాజు ఛైర్మన్లయ్యారు. 2020 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి, ఆనంద గజపతిరాజు మొదటి భార్య కూతురు సంచయితను ఛైర్‌పర్సన్ చేసింది. రెండో భార్య వైపు నుంచి ఇంకో కూతురు తన హక్కు మాటేమిటంది. ఆ ఏడాది సిరిమానోత్సవంలో కోట బురుజు మీద ఎవరు కూర్చోవాలన్నది కూడా ఊరంతా చర్చే. పైడితల్లి సిరిమాను మూడుసార్లు కోట దాకా వచ్చి వెళ్లేలోపు జనం కళ్లు పైకి చూసింది అమ్మవారి కోసమో, బురుజు మీది కుర్చీల కోసమో చెప్పడం కష్టమైంది.

2021 జూన్ 14న హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసి అశోక్ గజపతిరాజును మళ్లీ కూర్చోబెట్టింది. ఆడపిల్ల అన్న వివక్ష ఈ కాలంలో ఏమిటన్న వాదన వచ్చింది. ఆ వాదనకు నైతికంగా బలం లేదనలేం. అయినా కోర్టు చూసింది దస్తావేజు ఏం చెబుతోంది, దాన్ని పక్కనపెట్టి నియమించే అధికారం ప్రభుత్వానికి ఉందా అని.

రెండు ట్రస్టులకూ తేడా చాలానే ఉంది. మాన్సాస్ ధర్మసంస్థ, దాని ఛైర్మన్‌కు డివిడెండ్లు రావు. మర్డోక్ ట్రస్టు ఆసాంతం డబ్బు, పెత్తనం. కానీ ఒక విషయంలో మర్డోక్ కాగితమే ముందుంది: కూతుళ్లకూ కొడుకులకూ ఒకే ఓటు రాసింది. ఆచరణ వేరే సంగతి. ఎలిజబెత్ సొంతంగా షైన్ అనే టీవీ నిర్మాణ సంస్థ పెట్టి నిలదొక్కుకున్నా, తండ్రి తర్వాత కుర్చీ ఎవరిదన్న చర్చలో ఎప్పుడూ వినిపించింది లాక్లన్, జేమ్స్ పేర్లే. పెద్ద కూతురు ప్రుడెన్స్ పేరు అసలు లెక్కలోకే రాలేదు. అన్నదమ్ములిద్దరి మధ్య కుర్చీ ఊగుతుంటే అక్కల ఓట్లు మాత్రం నిశ్శబ్దంగా ట్రస్టులో పడి ఉన్నాయి. వాటి విలువ బయటపడ్డానికి ఇంకా టైముంది.

రెనోలో తలుపులేసుకుని

2019లో మర్డోక్ తన వినోద వ్యాపారంలో ఎక్కువ భాగాన్ని డిస్నీకి 7,130 కోట్ల డాలర్లకు అమ్మారు. స్టార్ ఇండియా, దాంతో పాటు మన స్టార్ మా ఆ మూటలోనే పోయాయి. నెట్‌ఫ్లిక్స్ లాంటివాటితో పోటీపడే సైజు తమకు లేదన్నది పైకి చెప్పిన కారణం. అందులో నిజం ఉంది. అదే సమయంలో అది ఇంట్లో పంపకాల్లో సగం కూడా. ఆరుగురు పిల్లలకూ తలా 200 కోట్ల డాలర్లు వచ్చాయి. మిగిలిన ఫాక్స్, పత్రికలు నడిపే న్యూస్ కార్ప్ లాక్లన్ చేతికి రావడం మొదలైంది. అంత డబ్బు చేతికొచ్చిన జేమ్స్‌కు ఇక నోరు నొక్కుకుని ఉండాల్సిన అవసరం లేకపోయింది. 2020 జనవరిలో ఆస్ట్రేలియా అడవులు తగలబడుతున్నప్పుడు వాతావరణ మార్పు మీద తమ పత్రికలు రాస్తున్న తీరును భార్యతో కలిసి బాహాటంగా తప్పుపట్టారు. జూలైలో న్యూస్ కార్ప్ బోర్డుకు రాజీనామా చేశారు.

ఇక్కడ అన్నా పెట్టిన షరతు పదును తేలింది. తండ్రి పోయిన మర్నాడు ఓట్లు నాలుగు. జేమ్స్‌కు ఎలిజబెత్, ప్రుడెన్స్ తోడైతే మూడు. లాక్లన్‌ది ఒకటి. అంటే ముగ్గురూ కలిసి ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడుకుంటే ఫాక్స్ న్యూస్ స్వరం మారిపోవచ్చు. 2020 అమెరికా ఎన్నికల్లో ఓటింగ్ యంత్రాల మీద నిరాధార ఆరోపణలు ప్రసారం చేసినందుకు ఆ యంత్రాల కంపెనీ డొమినియన్‌కు 2023 ఏప్రిల్‌లో 78.75 కోట్ల డాలర్లు కట్టి రాజీపడ్డ ఛానల్ అది. ఆ ఛానల్‌ను సరిచేయాలన్నది జేమ్స్ ఆలోచన. అలాగే నడవాలన్నది తండ్రి పట్టుదల. 2023లో ఛైర్మన్ పదవి నుంచి తప్పుకుని లాక్లన్‌కు అప్పగించాక ఆయనకు మిగిలిన బెంగ ఇదొక్కటే. కాగితం మాత్రం మార్చడానికి వీల్లేనిది.

ఒక్క సందు ఉంది. వారసులందరి మేలు కోసం, మంచి ఉద్దేశంతో అయితే మార్పులు చేయవచ్చు. 2023 చివర్లో తండ్రి, లాక్లన్ ఆ సందులోంచి దూరబోయారు. పెత్తనం మొత్తం లాక్లన్‌కే ఉంటే ఛానల్ ధోరణి మారదు, లాభాలు తగ్గవు, కాబట్టి అది మిగతా ముగ్గురికీ మేలే అన్నది వాదన. ఓటు తీసేసి అది నీ మంచికే అనడం తెలుగు ఇళ్లలోనూ విన్న మాటే. ఈ ఎత్తుగడకు వాళ్లు పెట్టుకున్న రహస్య పేరు ప్రాజెక్ట్ ఫ్యామిలీ హార్మనీ. కుటుంబ సామరస్యం అట!

కుటుంబ ట్రస్టుల గుట్టు కాపాడే చట్టాలకు నెవాడా రాష్ట్రం పేరుపొందింది. అందుకే విచారణ 2024 సెప్టెంబరులో అక్కడి రెనో పట్టణంలో తలుపులు మూసుకుని జరిగింది. నల్ల కార్లలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వేర్వేరుగా దిగి లోపలికి వెళ్లడం మాత్రమే విలేకరులకు దొరికింది. పక్కవాళ్ల ఫోన్లు విని అమ్ముకున్న పత్రికల యజమానులకు గోప్యత విలువ అప్పుడు తెలిసొచ్చింది. డిసెంబరులో కోర్టు కమిషనర్ ఎడ్మండ్ గోర్మన్ తీర్పు ఇచ్చారు. తండ్రీకొడుకులు దురుద్దేశంతో వ్యవహరించారని, ఇదంతా జాగ్రత్తగా అల్లిన నాటకమని రాశారు. తీర్పు ప్రతి బయటికి పొక్కింది. పాతికేళ్ల కింద కాపురం పోగొట్టుకున్న ఆవిడ రాయించిన కాగితం, ప్రపంచంలోని అతి పెద్ద మీడియా యజమానుల్లో ఒకరిని ఆయన 93వ ఏట కోర్టులో ఓడించింది.

ఇక ఓడినవాళ్లు చేయగలిగేది ఒకటే, కొనుక్కోవడం. 2025 సెప్టెంబరు 8న ఒప్పందం ప్రకటించారు. ఆ రోజు లాక్లన్ 54వ పుట్టినరోజు కావడం యాదృచ్ఛికమో కాదో గానీ, బహుమతి ఖరీదైనదే. ప్రుడెన్స్, ఎలిజబెత్, జేమ్స్‌లకు తలా 110 కోట్ల డాలర్లు ఇస్తారు. వాళ్లు ట్రస్టులోంచి తప్పుకోవాలి, మళ్లీ ఈ కంపెనీల షేర్లు కొనకూడదు. లాక్లన్, గ్రేస్, క్లోయిల పేరున కొత్త ట్రస్టు వస్తుంది. పెత్తనం లాక్లన్‌ది. 1999లో ఎవరి రాకకు భయపడి అన్నా షరతు పెట్టిందో ఆ వెండి పిల్లలు లోపల ఉన్నారు. అన్నా ముగ్గురు పిల్లల్లో ఇద్దరు బయట. 330 కోట్ల డాలర్లు పెడితే గానీ ఆ షరతు వీడలేదు.

అక్కల ఓట్ల విలువ ఇప్పుడు తెలిసింది. వాళ్లిద్దరూ తమ్ముడు జేమ్స్ పక్షాన నిలబడకపోతే కేసూ లేదు, ఈ బేరమూ లేదు. కానీ చివరికి వాళ్ల చేతికి వచ్చింది డబ్బు. మాట వెళ్లిపోయింది. దీన్ని గెలుపు అనాలా? జేమ్స్ ఇన్నేళ్లూ చెప్పింది ఫాక్స్ ప్రజాస్వామ్యానికి చేటు చేస్తోందని. ఆ మాట నిజంగా నమ్మినవాడు ఓటు అమ్ముకోవడం ఎలా అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. తండ్రి పోయాక ఎన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరగాలో లెక్కవేసుకుని తీసుకున్న నిర్ణయంలా ఉంది తప్ప ఆదర్శం దాఖలా అందులో కనిపించదు.

మన పక్కకు వస్తే

తెలుగులో పెద్ద పత్రికలు, ఛానళ్లు కూడా కుటుంబాల చేతుల్లోనివే. ఉత్తరాంధ్రకు పత్రికల చరిత్రలో ఒక ప్రత్యేక స్థానం ఉంది. విజయవాడలో అచ్చయ్యే పేపర్లు ఇక్కడికి చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయే రోజుల్లో, 1974 ఆగస్టు 10న రామోజీరావు విశాఖ నుంచి ఈనాడు మొదలుపెట్టారు. శ్రీకాకుళంలో పొద్దున్నే కాఫీతో పాటు పేపరు అన్న అలవాటు ఆ తర్వాతే స్థిరపడింది. 2024 జూన్‌లో ఆయన పోయారు, పెద్దకొడుకు కిరణ్ బాధ్యతల్లో ఉన్నారు. ఇంకోపక్క 2008లో వైఎస్ కుటుంబం మొదలుపెట్టిన సాక్షి. జగన్మోహన్ రెడ్డికీ చెల్లెలు షర్మిలకూ మధ్య ఆస్తుల తగాదా 2024లో నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ హైదరాబాద్ బెంచి దాకా వెళ్లింది. అక్కడ నడిచింది సరస్వతి పవర్ షేర్ల గురించి. తల్లి పేరున జరిగిన గిఫ్టు బదిలీ చెల్లుతుందా లేదా అన్నది ప్రశ్న. అన్నాచెల్లెళ్ల ఉత్తరాలు బయటికి వచ్చిన ఆ వారం శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో రెండు పేపర్లు కొని పక్కపక్కన పెట్టుకుని చదివినవాళ్లకు రెండు వేర్వేరు కుటుంబాల కథ చదువుతున్నట్టే ఉండేది. యజమాని ఇంటి గొడవ పత్రిక మొదటి పేజీని ఎలా వంకర తిప్పుతుందో చూడ్డానికి అమెరికా దాకా వెళ్లక్కర్లేదు.

ఆడపిల్లల వాటా విషయంలో మాత్రం తెలుగు నేల మర్డోక్ కంటే ముందే ఉంది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. దేశమంతటికీ అది రావడానికి 2005 దాకా పట్టింది. చట్టం అలా ఉన్నా పసుపుకుంకాల కింద ఇంత ముట్టజెప్పి హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టించుకోవడం పల్లెల్లో ఆగలేదు. 110 కోట్ల డాలర్లు ఇచ్చి సంతకం తీసుకోవడానికీ దానికీ మొత్తంలో తేడా ఉంది, పద్ధతిలో పెద్ద తేడా లేదు.

ఇలాంటి రోజు వస్తుందని ముందే ఊహించి కాగితం రాసుకున్న కుటుంబం కూడా ఈ ప్రాంతానిదే ఒకటుంది. ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉన్న రాజాంలో పుట్టిన గ్రంధి మల్లికార్జునరావు, జనపనార మిల్లు దగ్గర నుంచి విమానాశ్రయాల దాకా వెళ్లిన జీఎంఆర్ అధినేత, తన కుటుంబానికి ఒక రాజ్యాంగం రాయించుకున్నారు. ఇద్దరు కొడుకులు, అల్లుడు బాధ్యతలు పంచుకున్నారు. ఎవరు ఏం చేయాలి, తగువు వస్తే ఎలా తేల్చుకోవాలి అన్నవి అందరూ కూర్చుని ఒప్పుకుని సంతకాలు చేసుకున్నారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే, ఎవరికీ ఎవరి మీదా కోపం లేనప్పుడే రాసుకోవడం అందులో తెలివి. మర్డోక్ ఇంట్లో కాగితం రాసింది కాపురం కూలుతున్న రోజున, ఒకరి మీద ఒకరికి నమ్మకం పోయాక. అలాంటి రోజున కాగితం రాసేది నమ్మకం కోసం కాదు, కట్టడి కోసం. అందుకే అది అంత గట్టిగా నిలబడింది, అంత మందిని విడదీసింది.

కొత్త ట్రస్టుకూ గడువు ఉంది. లాక్లన్ పెత్తనం 2050 దాకా. అప్పటికి ఆయనకు 79 ఏళ్లు వస్తాయి, గ్రేస్‌కు 49, క్లోయికి 47. లాక్లన్‌కు ముగ్గురు పిల్లలు. డబ్బులో వాటా ఉండి మాటలో వాటా లేని చెల్లెళ్లు ఇద్దరూ, ఆ ముగ్గురూ కలిసి ఏదో ఒక లాయరు ఆఫీసులో కూర్చోవాల్సిన ఏడాదిని దస్తావేజులో ఇప్పుడే రాసిపెట్టుకున్నారు.